కుక్కతో వనవిహారం

గత శీతకాలంలో ఒక ఆదివారం ఉదయం మా కళాశాల విద్యార్థులను పదిమందిని వెంటబెట్టుకొని హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానానికి వెళ్ళాను. జూబ్లీహిల్సు, బంజారాహిల్సు పేటల నడుమ, నలువైపులా మోటారు బండ్లు పరుగులు తీసే రోడ్ల మధ్య ఉన్నది ఆ వనం. నల్లరాతి గుండ్లు, ముళ్ళపొదలు, ఆకురాల్చే చెట్లు, వాటి నడుమ మట్టిబాటలు. దక్కను పీఠభూమిమీద ఒకప్పుడు అడవి ఏ తీరుగా ఉండేదో తెలుసుకోవాలంటే నగరవాసులకు అంతకంటె దగ్గరి పాఠశాల లేదు. 1998లో దానిని జాతీయోద్యానంగా ప్రకటించారు.

మా విద్యార్థులలో ఒకడు తన పెంపుడు కుక్కను కూడ తీసుకొని వచ్చాడు. దాని పేరు టామీ. నాటుజాతి కుక్క, గోధుమ రంగు, నిక్కబొడిచిన చెవులు. ద్వారం దగ్గర కావలివాడు మర్యాదగానే అడ్డగించాడు. "కుక్కలను లోపలికి రానివ్వరు బాబూ" అన్నాడు.

మావాడు చిన్నబుచ్చుకున్నాడు. "ఇది ఎవరినీ కరవదు సార్. టీకాలు కూడ వేయించాము. లోపల పాములున్నాయి, ముంగిసలున్నాయి. వాటికి లేని అభ్యంతరం దీనికి మాత్రం ఎందుకు?" అని నన్ను నిలదీశాడు. ప్రక్కనున్న మరొకడు, "ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కుక్కను విడిచి లోపలికి రానన్నాడు కదా సార్!" అన్నాడు. అందరూ నవ్వారు గాని, ప్రశ్న మాత్రం నవ్వి విడిచిపెట్టదగినది కాదు. "కుక్కలకు ప్రవేశం లేదు" అని బోర్డు వ్రాయటం తేలిక. ఎందుకు లేదో చెప్పినప్పుడే అది విజ్ఞానమవుతుంది.

"ఈ రోజు మనమెవ్వరమూ లోపలికి పోవద్దు. కంచె వెంబడి వెలుపలి బాటమీద టామీతో కలిసి నడుద్దాము. అది ఏమి చేస్తుందో చూద్దాము. నీ ప్రశ్నకు జవాబు అదే చెపుతుంది" అన్నాను. ఆ నడకలో మేము చూచినవీ, తరువాత తరగతిలో చర్చించుకొన్నవీ ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఉపయోగపడగలవని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముక్కుతో చదివే బాట

మనుష్యుడు నడకకు పోతే కళ్ళతో పోతాడు. చెట్టును చూస్తాడు, పువ్వును చూస్తాడు, ఎదురువచ్చే మనిషిని చూస్తాడు. టామీ అట్లా కాదు. మొదటి వంద గజాలు నడవటానికి దానికి పది నిమిషాలు పట్టింది. ప్రతి స్తంభం దగ్గరా ఆగింది, ప్రతి పొద మొదలునూ వాసన చూచింది. ఒకచోట ఎండిన ఆకులలో ముక్కు పెట్టి కదలనన్నది. మావాడు గొలుసు లాగబోతే వద్దన్నాను. మనము దినపత్రిక చదువుతూ ఉండగా ఎవరైనా చేతిలోనుంచి లాక్కుంటే ఎట్లా ఉంటుంది? కుక్కకు వాసన చూడటం అటువంటిది.

మన ముక్కు లోపలి పై భాగాన వాసనను గ్రహించే నాడీకణాలు సుమారు 50 లక్షలు ఉంటాయని అంచనా. కుక్కకు, జాతిని బట్టి, 20 కోట్లనుండి 30 కోట్ల వరకూ ఉంటాయి. వాసనను పట్టే గ్రాహకాలను నిర్మించే జన్యువులలో మనకు పనిచేసేవి సుమారు 400. కుక్కకు సుమారు 800. అంటే కుక్క ముక్కు మన ముక్కుకు పెద్ద అచ్చు మాత్రమే కాదు. అందులో అక్షరాలే ఎక్కువ. మనకు "పులుసు వాసన" అని ఒక్కటిగా తోచేదానిలో చింతపండు, మెంతులు, ఇంగువ దానికి వేరువేరుగా తెలియవచ్చును.

ఇక ముక్కు నిర్మాణం చూడండి. మనము పీల్చే గాలి అంతా చాలవరకు ఒకే దారిన ఊపిరితిత్తులకు పోతుంది. వాసన అందులోనే దారిలో తెలియవలసి ఉంటుంది. కుక్క ముక్కులో గాలి రెండు పాయలుగా చీలుతుంది. పీల్చిన గాలిలో దాదాపు ఎనిమిదో వంతు ముక్కు వెనుక భాగాన ఉన్న ప్రత్యేకమైన గదిలోకి పోయి, అక్కడ చుట్టలు చుట్టుకొన్న సన్నని ఎముకల పొరలమీదుగా మెల్లగా కదులుతుంది. వాసన పట్టే కణాలు ఎక్కువగా ఉన్నది అక్కడే. మిగిలిన గాలి శ్వాసకు పోతుంది.

మరొక చమత్కారమేమనగా, కుక్క ముక్కుపుటాలకు ప్రక్కన చీలికలుంటాయి. గాలిని వదలినప్పుడు అది ఆ చీలికల గుండా ప్రక్కలకూ వెనుకకూ పోతుంది గాని, ముందున్న వాసనను చెదరగొట్టదు. పైగా ఆ గాలిపాయ క్రొత్త వాసనను ముక్కువైపుకు లాగుకొని వస్తుంది. కుక్క చురుకుగా వాసన చూచేటప్పుడు సెకండుకు సుమారు ఐదుసార్లు ఈ పని జరుగుతుంది. టామీ ముక్కు దగ్గర చెవి పెట్టి వినమన్నాను. "కుట్టు మిషను నడిచినట్లున్నది సార్" అన్నాడొక విద్యార్థి. ఆ మాట సరిగానే ఉన్నది.

ఈ ముక్కు ఎంతవరకు పనిచేస్తుంది? ఒక మనిషి నడిచిపోయిన బాటకు కుక్కను అడ్డంగా తీసుకొనివస్తే, ఆ మనిషి ఎటునుండి వచ్చాడో గాక, ఎటు పోయాడో కూడ చెప్పగలదు. అదెట్లా? 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో శిక్షణ పొందిన కుక్కలకు వరుసగా ఐదు అడుగుజాడలు చాలినవి. మూడు మాత్రమే ఇస్తే దిక్కు తెలుసుకొనలేకపోయినవి. ఒక్కొక్క అడుగుకూ మధ్య గడిచిన కాలం ఒక సెకండు కంటె ఎక్కువ కాదు. మొదటి అడుగుకంటె ఐదవ అడుగు ఆ కొద్ది సెకండ్ల మేరకు తాజాది. ఆ స్వల్పభేదాన్నే కుక్క ముక్కు కొలిచి చూచుకొంటున్నదన్నమాట. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఎంత సున్నితమైన త్రాసును మనము మెచ్చుకొంటామో, ఈ ముక్కును అంతగానూ మెచ్చుకొనవచ్చును.

కుక్క స్తంభంమీద మూత్రం పోయటం మనకు అసహ్యంగా తోస్తుంది. దానికి అది చిరునామా కాగితం. అక్కడికి వచ్చిపోయిన కుక్క ఆడదా, మగదా, తెలిసినదా, కొత్తదా, ఎంతసేపయినది అనే సంగతులు తరువాత వచ్చిన కుక్క అక్కడ చదువుకొంటుంది. కనుక కుక్కను నడకకు తీసుకొనిపోయేవారు తెలుసుకొనవలసిన మొదటి విషయం ఇది: నడిచిన దూరం కంటె, ఆగి వాసన చూడనిచ్చిన కాలమే దానికి ముఖ్యం. తమ ముక్కుతో వెదకి ఆహారం కనుగొనే పని రెండు వారాలు చేసిన కుక్కలు, తెలియని గిన్నె ఎదురైనప్పుడు ఆశతో త్వరగా దగ్గరకు పోయినవని 2019లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. యజమాని ప్రక్కనే బుద్ధిగా నడవటం మాత్రమే నేర్చిన కుక్కలలో ఆ మార్పు కనపడలేదు.

కంటికీ చెవికీ ఉన్న తేడా

ఒక మలుపులో కంచె అవతల మోదుగ చెట్టు కనపడింది. "ఇది పూసినప్పుడు ఎర్రగా నిప్పంటుకొన్నట్లుంటుంది. టామీకి ఆ రంగు ఎట్లా కనపడుతుంది?" అని అడిగాను. కుక్కలకు అన్నీ నలుపు తెలుపులే అని పలువురు అనుకొంటారు. అది నిజం కాదు. మన కంటిలో రంగులను గుర్తించే శంకుకణాలు మూడు రకాలు. కుక్క కంటిలో రెండు రకాలే. కనుక అది నీలాన్నీ పసుపునూ బాగా గుర్తిస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా దానికి మాసిన పసుపు లేక గోధుమ రంగుగా కలిసిపోతాయి. పచ్చగడ్డిలో ఎర్రబంతి విసరి వెదకమనటం న్యాయం కాదు, నీలిబంతి విసరండి.

చెవి సంగతి వేరు. సెకండుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని మనకు వినపడదు. కుక్కకు దాదాపు 45,000 కంపనాల వరకు వినపడుతుంది. ఎలుకపిల్లల సన్నని కూతలు ఈ మేరలోనివే. మేము నిశ్శబ్దం అనుకొన్నచోట టామీ చెవులు త్రిప్పి నిలబడటానికి కారణం ఇదే కావచ్చును. మనమూ కుక్కా ఒకే బాటమీద నడుస్తున్నా, రెండు వేరువేరు లోకాలలో నడుస్తున్నామన్నమాట.

కంచె ఆవలినుండి చూస్తే

ఇంతలో టామీ కంచెలోకి చూచి ఒక్కసారి మొరిగింది. వెంటనే లోపల ఖాళీనేలమీదనుండి ఒక తీతువు పిట్ట గట్టిగా కూస్తూ లేచింది. దాని వెంట మరొకటి. ప్రక్క పొదలో ఉడుత కిచకిచలాడింది. ఎక్కడో ఒక నెమలి అరచింది. ఒక నిమిషం క్రితం ప్రశాంతంగా ఉన్న ఆ చోటు ఒక్క మొరుగుతో మేలుకొన్నది. అప్పుడు మావాణ్ణి అడిగాను: "టామీ ఎవరినీ కరవదన్నావు. ఆ సంగతి తీతువుకు ఎవరు చెప్పాలి?"

కుక్క తోడేలు వంశంలోనిది. కనీసం పదిహేను వేల సంవత్సరాల క్రితమే మనిషితో కలిసి బ్రతకటం నేర్చుకొన్నది. మనకు అది నేస్తం. కాని అడవిలోని చిన్న ప్రాణులకు దాని ఆకారమూ వాసనా ఇప్పటికీ వేటాడే జంతువువే. అందులో వాటి తప్పు లేదు. ప్రతి కుక్కనూ పరీక్షించి మంచిదో కాదో తేల్చుకొనే తీరిక వాటికి లేదు. పొరబడితే ప్రాణం పోతుంది.

తీతువు కూతను మనవారు అపశకునమంటారు. అది నిజానికి హెచ్చరిక. తీతువుకు చెట్టుమీద గూడు లేదు. గులకరాళ్ళ నడుమ నేలమీద చిన్న గుంటలో మూడో నాలుగో గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్లమీది మచ్చలు రాళ్ళ రంగులో కలిసిపోయి మన కంటికి ఆనవు. గ్రుడ్లు పెట్టే కాలం ముఖ్యంగా వేసవి, తొలకరి నెలలు. మన ఎండలు తెలిసినవే. ఆ ఎండలో తీతువు గ్రుడ్లమీద కూర్చుండేది వెచ్చదనం ఇవ్వటానికి కాదు, నీడ పట్టటానికి. నీటి దగ్గరకు పోయి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి ఆ తడితో గ్రుడ్లను చల్లబరుస్తుంది కూడా. ఇప్పుడు ఆలోచించండి. ఒక కుక్క అటు పోయినది. గ్రుడ్లను ముట్టలేదు, పిట్టను తరమలేదు. కాని పిట్ట లేచిపోయినది. అది తిరిగివచ్చేవరకు గ్రుడ్లు మండుటెండలో ఉన్నవి. ఒక ఉదయం ఇరవై కుక్కలు ఆ బాటన పోతే? పిల్ల గ్రుడ్డులోనే చచ్చిపోవచ్చును. ఆ కుక్కలలో ఒక్కటీ దోషి కాదు.

నెమలి, కౌజుపిట్ట కూడ నేలమీదనే గ్రుడ్లు పెడతాయి. మన పీఠభూమి పొదల అడవులలో నేలను నమ్ముకొన్న ప్రాణులు ఎక్కువ. కుక్క ముక్కు వెదకేదీ ఆ నేలమీదనే.

ఇది ఊహ మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగర శివారు అడవులలో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. కొన్ని బాటలమీద గొలుసుతో కట్టిన కుక్కలను నడిపించారు; కొన్నింటిమీద మనుష్యులు మాత్రమే నడిచారు; కొన్నింటిని ఖాళీగా ఉంచారు. ఖాళీ బాటలతో పోలిస్తే, కుక్కలు నడిచిన బాటల దగ్గర కనపడిన పక్షుల రకాలు 35 శాతమూ, సంఖ్య 41 శాతమూ తగ్గాయి. మనుష్యులు మాత్రమే నడిచినప్పుడు కూడ కొంత తగ్గుదల ఉన్నది గాని, అది ఇందులో సగం కూడ లేదు. గమనించవలసినదేమంటే, ఆ కుక్కలు గొలుసులతోనే ఉన్నవి. కాబట్టి గొలుసు అవసరమే గాని, అన్నిచోట్లా గొలుసు ఒక్కటే చాలదు.

కంటికి కనపడని జాడలు

కుక్క వెళ్ళిపోయిన తరువాత కూడ అక్కడ మిగిలేవి కొన్ని ఉన్నవి. మొదటిది రోగం. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి కుక్కలతోనే ఆగదు. పునుగుపిల్లులకు, నక్కలకు, చివరకు సింహాలకు కూడ సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీ మైదానాలలో ఈ వ్యాధివల్ల సుమారు వెయ్యి సింహాలు, అంటే అక్కడివాటిలో మూడోవంతు, చనిపోయినవి. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు, వాటిలో కొన్నింట ఈ వైరస్ బయటపడింది. ప్రపంచంలో ఆసియా సింహాలు స్వేచ్ఛగా బ్రతుకుతున్నది ఆ ఒక్క ప్రాంతంలోనే. పెంపుడు కుక్కకు డిస్టెంపర్ టీకా వేయించటం దాని మేలుకే గాక అడవి మేలుకూ అవసరమని దీనివల్ల తెలుస్తున్నది.

రెండవది మలమూత్రాలు. "పేడ ఎరువే కదా, కుక్క మలం కూడ ఎరువు కాదా?" అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. ఆవు ఆ నేలమీది గడ్డిని తిని ఆ నేలకే పేడ ఇస్తుంది. కుక్క ఇంటిలో అన్నమూ మాంసమూ తిని, వనంలో వదలుతుంది. బయటి సారం లోపలికి వచ్చి చేరుతున్నదన్నమాట. బెల్జియంలో గెంట్ నగరం దగ్గర ఉన్న ప్రకృతి వనాలలో లెక్కించగా, కుక్కలవల్ల సంవత్సరానికి హెక్టారుకు సుమారు 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం చేరుతున్నట్లు 2022లో తేలినది. మన లెక్కలో చెప్పాలంటే, ఆ నత్రజని ఎకరానికి దాదాపు 10 కిలోల యూరియా చల్లినదానితో సమానం. వరిచేనుకు ఎరువు మేలు చేస్తుంది. కాని బీదనేలలో బ్రతకటానికి అలవాటుపడిన అడవి మొక్కలకు అది మేలు కాదు. ఎరువును ఆశించే గడ్డీ కలుపూ ఏపుగా పెరిగి వాటిని అణగద్రొక్కుతాయి.

మూడవది మనకే సంబంధించినది. కుక్క మలంలో కొంకిపురుగుల, ఏలికపాముల గ్రుడ్లు ఉండవచ్చును. కుక్కల కొంకిపురుగు పిల్లలు తడిమట్టిలో ఉండి, చెప్పులు లేని పాదాల చర్మంలోకి చొరబడి దురద పుట్టిస్తాయి. పిల్లలు ఆడుకొనే చోట కుక్క మలాన్ని కాగితంతో ఎత్తి కుండీలో వేయటం నాగరికత కోసం మాత్రమే కాదు, ఆరోగ్యం కోసం.

అయితే ఎక్కడ నడవాలి, ఎట్లా నడవాలి?

కుక్కను ఇంటిలోనే కట్టివేయాలని దీని అర్థం కాదు. నడక దాని హక్కు. మనకూ మంచిదే. చేయవలసినది చోటును ఎంచుకొనటం. జాతీయోద్యానాలూ అభయారణ్యాలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద అడవి ప్రాణుల కోసం కేటాయించినవి. అక్కడ అవి ఇంటివారు, మనము అతిథులము. కుక్కను వాటి ఇంటికి తీసుకొనిపోకూడదు. ఊరి ఉద్యానవనాలు, చెరువుగట్లు, కంచె వెలుపలి బాటలు, పొలాల మధ్య బండ్లబాటలు మనుష్యులు నిత్యం తిరిగే చోట్లు. నియమాలు ఒప్పుకొన్నచోట కుక్కతో నడవటానికి అవి తగినవి. 2018లో హైదరాబాదు నగరపాలక సంస్థ కొండాపూర్ దగ్గర కుక్కలకోసమే ఒక ఉద్యానాన్ని ఏర్పరచింది. ఇటువంటివి పెరిగినకొద్దీ అడవిమీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇక నడిచే పద్ధతి. గొలుసో, తాడో రెండు గజాలకు మించకూడదు. అంత పొడవులో కుక్క బాట ప్రక్కన వాసన చూడగలదు, పొదలలోకి మాత్రం పోలేదు. పొదలలోకి పోకపోవటం దానికీ రక్షణే. పాములూ పిడుదులూ ఉండేది అక్కడ. ఇంటికి వచ్చిన తరువాత చెవుల వెనుక, కాలివ్రేళ్ళ మధ్య పిడుదులు పట్టినవేమో వెదకాలి. ఎదురుగా వీధికుక్క వస్తే పరుగెత్తరాదు, రాయి విసరరాదు. గొలుసు దగ్గరగా పట్టుకొని నెమ్మదిగా ప్రక్కకు తొలగాలి.

కాలం విషయంలో మన దేశంలో మరీ జాగ్రత్త అవసరం. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల క్రింది మెత్తలలో కొద్దిగా పడుతుంది. అది వేడిని వదలుకొనే ముఖ్యమార్గం నాలుక చాచి రొప్పటం. నాలుకమీది, నోటిలోని తడి ఆవిరి అవుతూ శరీరపు వేడిని తీసుకొనిపోతుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి సుమారు 580 కాలరీల గుప్తోష్ణం కావాలి. 20 కిలోల కుక్క ఒళ్ళు ఒక్క డిగ్రీ చల్లబడటానికి దాదాపు 30 గ్రాముల నీరు ఆవిరి కావాలని విద్యార్థులు లెక్క కట్టవచ్చును. గాలిలో తేమ ఎక్కువైతే నీరు త్వరగా ఆవిరి కాదు. అందుచేతనే విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉక్కపోసే రోజున కుక్క ఎంత రొప్పినా చల్లబడదు. మూతి పొట్టిగా ఉండే జాతి కుక్కలకు ఈ బాధ మరింత ఎక్కువ.

తారురోడ్డు మరొక ప్రమాదం. నల్లని వస్తువు సూర్యరశ్మిని ఎక్కువగా పీల్చుకొంటుంది. మధ్యాహ్నం గాలికంటె తారు చాలా వేడెక్కుతుంది. మనకు చెప్పులున్నవి, కుక్కకు లేవు. దీనికొక సులభమైన పరీక్ష ఉన్నది. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకండ్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్కను నడిపించకండి. తెల్లవారుజామున నడిస్తే నేల చల్లగా ఉంటుంది. గాలి కదలక వాసనలు కూడ నేలను అంటిపెట్టుకొని ఉంటాయి. ఎండ ఎక్కినకొద్దీ వేడిగాలి పైకి లేచి వాసనలను చెదరగొడుతుంది. ఏ విధంగా చూచినా కుక్క నడకకు వేకువే మంచిది. వెంట నీళ్ళూ ఒక గిన్నె మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది రేబిస్ టీకా. కుక్కపిల్లకు మూడవ నెలలో వేయించి, ఆ తరువాత ఏటేటా వేయించాలి. 1885లో పాశ్చరు పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి రక్షించినప్పటినుండీ ఈ వ్యాధిని అడ్డుకొనే మార్గం మనకు తెలుసు. రోగలక్షణాలు కనపడిన తరువాత మాత్రం ప్రాణాలు దక్కటం అత్యంత అరుదు. ఏ కుక్క కరచినా, గీరినా, వెంటనే ధారగా పోసే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని కడగాలి. కారమూ సున్నమూ పూయరాదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఈ మాట ప్రతి విద్యార్థికీ కంఠస్థం కావాలి.

పాఠశాలలో చేయదగిన పరిశీలనలు

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని సులభంగా ప్రయోగరూపంలోకి తేవచ్చును. మొదటిది: టీకాలు వేయించిన, సాధువైన పెంపుడు కుక్క వెంట అరగంట నడవండి. యజమాని ప్రక్కనే ఉండాలి. అది ఎక్కడెక్కడ ఆగినదీ, ఎన్ని సెకండ్లు వాసన చూచినదీ, గాలి ఎటు వీస్తున్నదీ వ్రాసుకొండి. గాలికి ఎదురునడిచేటప్పుడూ, గాలి వెంట నడిచేటప్పుడూ దాని ప్రవర్తనలో తేడా ఉన్నదేమో చూడండి.

రెండవది: చెరువుగట్టుమీద ఒక అర ఫర్లాంగు మేర గుర్తు పెట్టుకొండి. ఒక ఉదయం కుక్క లేకుండా, మరొక ఉదయం అదే వేళకు గొలుసుతో కుక్కను తీసుకొని నడిచి, కనపడిన పక్షులను లెక్కించండి. ఒక్క రోజు లెక్కతో నిర్ణయానికి రారాదు. కనీసం నాలుగైదు సార్లు చేసి సగటు తీయండి. కొంగ గాని, తీతువు గాని మీరు ఎన్ని అడుగుల దూరంలో ఉండగా ఎగిరిపోయినదో కూడ గుర్తించండి. కుక్క ఉన్నప్పుడు ఆ దూరం పెరిగినదా? ఈ పరిశీలన శీతకాలంలోనే చేయండి. పక్షులు గ్రుడ్లు పెట్టే నెలలలో చేస్తే, ఏ హానిని కొలవదలచామో ఆ హానిని మనమే చేసినవారమవుతాము.

మూడవది కుక్క లేకుండానే చేయవచ్చును. ఒక ఉల్లిపాయను గుడ్డలో చుట్టి, ఆటస్థలంలో నేలమీద రాస్తూ ఒక గీతగా పోండి. కళ్ళకు గంతలు కట్టుకొని, మోకాళ్ళమీద పాకుతూ ఆ గీతను ముక్కుతో అనుసరించటానికి ప్రయత్నించండి. కొంతదూరం పోగలరు. అంతకంటె ముఖ్యంగా, టామీ చేసే పని ఎంత గొప్పదో తెలిసివస్తుంది.

మరుసటి ఆదివారం మేము మళ్ళీ ఆ వనానికి వెళ్ళాము. ఈసారి టామీ రాలేదు. దానిని వేకువనే వీధి చివరి మైదానంలో గంటసేపు త్రిప్పి, ఇంటిలో దింపి వచ్చానని మావాడు చెప్పాడు. లోపల మట్టిబాటమీద నడుస్తూ ఉండగా, ఒక తీతువు మాకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి మమ్మల్ని చూచింది. ఎగరలేదు. మేమూ కదలలేదు.

"ధర్మరాజు కుక్కను ఎందుకు విడిచి రానన్నాడో గుర్తున్నదా?" అని మావాణ్ణి అడిగాను. "తనను నమ్మి వెంట వచ్చినదని" అన్నాడు. కాసేపు ఆగి, "ఈ పిట్ట కూడ కంచెను నమ్మి ఇక్కడ ఉన్నది కదా సార్" అన్నాడు.